ఎనిమిదో తాడు

జడ సగం అల్లాక అమ్మ తాడు కదిలింది.

దాన్ని ఎవరూ పట్టుకోలేదు. నేను పక్కనే చెక్క నేల మీద కూర్చుని తాళాలు వాయిస్తున్నాను కాబట్టి నాకు బాగా కనిపించింది. వేలాడుతున్న కొస మెల్లగా లేచి, అమ్మ చెయ్యి ఉండే ఎత్తులో ఆగింది. తర్వాత మస్తానమ్మ పిన్ని వెనకనుంచి వలయం లోపలికి తిరిగింది.

ఆడేవాళ్ళు ఎవరూ ఆగలేదు. ఆగకూడదు. మాది జడ కోలాటం. పైనున్న చక్రానికి ఎనిమిది రంగుల తాళ్ళు కడతారు. ఎనిమిది మంది ఆడవాళ్ళు గుండ్రంగా నిలబడి ఎడమ చేత్తో తాడు కొస, కుడి చేత్తో కోలకర్ర పట్టుకుంటారు. ఒకరికి లోపలనుంచి, ఇంకొకరికి బయటనుంచి తిరుగుతూ ఆడితే తాళ్ళు పైనుంచి జడలాగా అల్లుకుంటూ వస్తాయి. జట్టుని నడిపే తిరపతమ్మత్త ఆడుతూనే ఈల ఊదగానే అందరూ వెనక్కి ఆడితే ఆ జడ విడిపోతుంది. ఒక్కరు ఆగినా అంతా చిక్కు పడుతుంది. కాళ్ళ కిందకి పాము వచ్చినా ఈల పడేదాకా ఆడాల్సిందేనని అత్త అంటుంది.

అందుకని ఏడుగురూ భయంతో బిగుసుకుపోయి ఆడుతూనే ఉన్నారు. మలుపు దగ్గర మస్తానమ్మ పిన్ని అలవాటు ప్రకారం పక్కకి కర్ర ఎత్తింది. అక్కడ ఎవరూ లేరు. కర్ర దేనికీ తగల్లేదు. కానీ నేల కిందనుంచి టక్కుమని, కర్రకి కర్ర తగిలిన చప్పుడు వచ్చింది.

ఆకుపచ్చ తాడు మా అమ్మది. అమ్మ పేరు సుబ్బరత్నం. పోయిన ఏడాది పొగాకు గ్రేడింగుకి పోయి వస్తుంటే ఆటో బోల్తా పడింది. అందులో ఉన్నవాళ్ళందరికీ దెబ్బలు తగిలాయి. అమ్మ ఒక్కతే పోయింది. పక్కన కూర్చున్న మస్తానమ్మ పిన్నికి నుదుటి మీద మచ్చ మిగిలింది.

మా జట్టులో ఒక పద్ధతి ఉంది. ఆడే మనిషి పోతే ఏడాది తిరిగేదాకా ఆమె తాడు ఎవరికీ ఇవ్వరు. కొసకి పసుపుకొమ్ము కట్టి వదిలేస్తారు. మిగతావాళ్ళు ఆమె ఉన్నట్టే ఆడతారు. ఆమె ముందునుంచి తప్పుకుంటారు, ఆమె కర్రకి కర్ర ఎత్తుతారు. జడ అల్లుకున్నాక ఒక పక్క పాయ లేనట్టు కనిపిస్తుంది. అది చూసే చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు "ఎవురో పోయారు పాపం" అనుకుంటారు. ఏడాది అయ్యాక ఆ ఇంటి మనిషి తాడు పట్టుకోవాలి. ఎవరూ రాకపోతే తాడు విప్పి ఆ ఇంటికి ఇచ్చేస్తారు.

ఇదంతా మేము ఇందుమతి మేడానికి చెప్పలేదు. మాకు తెలిసిన సంగతి అందరికీ తెలుసనుకున్నాం.

ఇందుమతి మేడం ఒక కొత్త మిషను పెట్టడానికి యూనివర్సిటీ నుంచి వచ్చింది. టౌన్లో పాత పొగాకు గోడౌనుని ప్రజా చిత్రశాలగా మార్చారు. వాన పడితే ఇప్పటికీ గోడలనుంచి పొగాకు వాసన వస్తుంది. అక్కడ బొమ్మలు తక్కువ. వచ్చినవాళ్ళు ఏదో ఒకటి చెయ్యాలి. దాన్ని చూసుకునే ఖాజావలి గారు గుమ్మంలోనే చెప్పేస్తారు, "ఇక్కడ ఊరికే చూసి పోవడం కుదరదు సార్, చెప్పులిప్పి లోపలికి రండి" అని. మా జట్టుని ఆదివారాలు ఆడటానికి పిలిచింది ఆయనే. మా ఆట అయ్యాక టౌను వాళ్ళకి కూడా కర్రలిచ్చి నేర్పించేవాళ్ళం. మొదటివారం ఒక బ్యాంకు ఆయన తన వేలు తనే కొట్టుకుని, కర్ర వంకరగా ఉందన్నాడు.

ఆ పెద్ద హాల్లో నేలంతా మేడం కొత్తగా పరిపించిన చెక్కలే. అవి అడుగుల బరువు తెలుసుకుంటాయి, కిందనుంచి చప్పుడూ చేస్తాయి. పైన చక్రంలో చిన్న చిన్న మోటార్లు, కెమెరాలు ఉన్నాయి. అదేం చేస్తుందని తిరపతమ్మత్త అడిగితే మేడం నోటితో చెప్పకుండా ఒక నులకమంచం తెప్పించి దాని మీద బియ్యం బస్తా పెట్టింది. మంచం కోళ్ళలో మూడింటిని అత్తనీ, ఖాజావలి గారినీ, నన్నూ పట్టుకోమంది. నాలుగో కోడుకి పైనుంచి ఒక తాడు కట్టింది. లేపగానే మంచం ఆ పక్కకి ఒరిగిపోతుందని నేను కళ్ళు మూసుకున్నాను. ఒరగలేదు. తాడు బిగిసి ఆ మూల కూడా మాతోపాటే లేచింది. నేను మెల్లగా నడిస్తే మెల్లగా వచ్చింది. నేను గోడకి తగలకుండా తప్పుకుంటే అదీ తప్పుకుంది.

"నాలుగో మనిషి ఎవురమ్మా?" అంది అత్త.

"ఎవరూ లేరండి. మీ ముగ్గురి చేతులనీ అడుగులనీ చూసి, నాలుగో మనిషి ఉంటే ఏం చేసేదో అది చేస్తుంది."

"మా ఆయన కంటే నయం. ఆయన ఉండి కూడా చెయ్యడు" అని అత్త మంచం దించింది.

అందుకే ఆ ఆదివారం తాడు కదిలినప్పుడు మేడం సంతోషంతో చప్పట్లు కొట్టింది. జడ విడిపోయి ఆట అయ్యాక మా వాళ్ళ ముఖాలు చూసి చేతులు దించేసింది.

"ఇవాళ ఒకరు రాలేదని, మిషను ఆమె చోటు పూరించింది. ఏమైందండీ?"

"రాలేదమ్మా. ఇంక రాదు" అంది అత్త.

మస్తానమ్మ పిన్ని కింద కూర్చుండిపోయింది. "అది సుబ్బరత్నమే అత్తా. మలుపు దగ్గర తాడుని ఒక్క ఎగురు ఎగరేసుద్ది చూడు, అట్టనే ఎగరేసింది."

"దెయ్యమైతే ఇంటికి పోద్ది గానీ, బస్సెక్కి టౌనుకొచ్చి ఆడుద్దా? లెగు, మంచినీళ్ళు తాగు."

అత్త అలా అన్నది గానీ ఆ నీళ్ళు ముందు తనే తాగింది. మేడం మిషను ఆపేస్తానంది. ఎవరూ ఆపమనలేదు, ఉంచమనలేదు. చివరికి అత్తే, "తాడు మనం ఎవరికీ ఇవ్వలా గదా. పద్ధతి తప్పలా" అంది. అది నిజమో కాదో నాకు అర్థం కాలేదు. చోటు ఖాళీగా ఉంచాలన్నారు. అది ఇప్పుడు ఖాళీగా ఉన్నట్టా, లేనట్టా?

నాన్నకి నేను చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియలేదు. మస్తానమ్మ పిన్ని కూర తెచ్చినప్పుడు చెప్పేసింది.

నాన్న పేరు మాలకొండయ్య. పొగాకుని వేడితో ఆరబెట్టే బ్యారన్ దగ్గర మంట చూసే పని. వేడి ఎక్కువైతే ఆకు మాడుతుంది, తక్కువైతే పచ్చిగా ఉండిపోతుంది. నాన్న గోడ మీద చెయ్యి పెట్టి చెప్పేస్తాడు. అమ్మ పోయాక ఆ చెయ్యి అన్నం కంచంలో పెట్టి అలాగే కూర్చునేవాడు. పిన్ని చెప్పింది విని "ఏం మాటలే అయ్యి" అని కసురుకున్నాడు. మరుసటి ఆదివారం మాకంటే ముందు చొక్కా ఇస్త్రీ చేసుకుని బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉన్నాడు.

ఆట మొదలయ్యాక నాన్న గోడకి ఆనుకుని చూశాడు. మలుపు దగ్గర ఆకుపచ్చ తాడు ఎగిరింది. నాన్న నోటికి కండువా అడ్డం పెట్టుకున్నాడు. ఆట అయ్యాక మేడం దగ్గరికి పోయి, "మా ఆవిడ మీకెట్టా తెలుసు?" అని అడిగాడు.

"నాకు తెలియదండీ."

"మరి ఆ ఎగరెయ్యటం?"

మేడం మస్తానమ్మ పిన్నిని పిలిచి, ఖాళీ నేల మీద ఒక్కదాన్నే ఆ మలుపు ఆడమంది. పిన్ని ఆడింది. మలుపు రాగానే తల కొంచెం పక్కకి వంచింది.

"అటు ఎందుకు వంగారు?"

పిన్ని ఆలోచించింది. "తాడు మొహానికి తగులుద్దని. అది ఎగరేసుద్ది గదా."

"అంతేనండీ. ఆమె ఎలా ఆడేదో మీ జట్టంతా ఒంట్లో దాచుకుంది. మిషను అది చదువుతోంది."

నాన్న తల ఊపాడు. కానీ ఆయన వినలేదని నాకు తెలుసు. తాడు కొస పట్టుకుని పసుపుకొమ్ముని బొటనవేలితో రుద్దుతున్నాడు.

ఆ తర్వాత ఆదివారాలన్నీ నాన్న వచ్చాడు. అన్నం తింటున్నాడు. గడ్డం గీసుకుంటున్నాడు. మూరెడు మల్లెపూలు తెచ్చి తాడు కొసకి చుట్టాడు. ఆ రోజు బరువు తేడా వచ్చి తాడు అటూ ఇటూ ఊగితే మేడం ఏమీ అనకుండా ఇంకేదో సర్దింది. నేను సంతోషించాలనుకున్నాను. సంతోషించాను కూడా. కానీ సోమవారం నుంచి శనివారం దాకా నాన్న ఇంట్లో ఉండీ లేనట్టే ఉండేవాడు. పరీక్షలో నాకు మంచి మార్కులు వచ్చాయని చెబితే "ఆదివారం అమ్మ ముందర చెప్పు" అన్నాడు. తాడుకి మార్కులు ఎలా చెప్పాలి? చెప్పకపోతే నాన్న ఏమనుకుంటాడు? ఖాజావలి గారు అటు తిరిగినప్పుడు తాడు దగ్గరికి పోయి నోట్లోనే చెప్పాను. అది కదల్లేదు. ఎవరూ ఆడనప్పుడు అది ఉత్త తాడే.

సంవత్సరీకం దగ్గరపడింది. తిరపతమ్మత్త మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుంది.

"మాలకొండయ్యా, ఏడాది అయిపోతంది. తాడు సంగతి తేల్చాల. మీ పిల్ల వెంగమ్మ పట్టుకుంటదా?"

"ఉన్న మనిషికి సంవత్సరీకం ఏందత్తా?" అన్నాడు నాన్న.

అత్త నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. పదిమంది చూస్తుంటే నాకు చేతులు చల్లబడిపోతాయి. అందుకే నేను తాళాల దగ్గర కూర్చుంటాను. ఇంటి వెనక ఎవరూ లేనప్పుడు రెండు గరిటెలతో అమ్మ అడుగులు వేసుకుంటాను గానీ అది ఎవరికీ తెలియదు.

ఆ వారంలోనే తాడు కిందకి దిగడం మొదలైంది.

ముందు కనిపెట్టింది నాన్నే. "మీ అమ్మ చెయ్యి కింద పెట్టిందేందే ఇయ్యాల?" అన్నాడు. మరుసటి వారం ఇంకొంచెం దిగింది. మలుపు దగ్గర ఎగరడం పోయింది. దానికి బదులు తాడు మలుపు ముందు ఒక్క క్షణం ఆగి, తర్వాత తిరుగుతోంది. చెక్క కింద చప్పుడు కూడా మెత్తబడింది. పసుపుకొమ్ము నా భుజం దాకా వచ్చింది.

నాన్న మేడం మీదికి పోయాడు. "ఏం చేశారు దాన్ని? మనిషిని అట్టా కుదించుతారా?"

మేడం మోటార్లు విప్పి చూసింది. చెక్కలన్నీ తట్టి చూసింది. మళ్ళీ ముగ్గురి చేత ఆ మంచం లేపించింది. అన్నీ బాగానే ఉన్నాయి. ఆమె జుట్టులో దుమ్ము, కళ్ళ కింద నలుపు. "మిషను తప్పు చెయ్యట్లేదు మాలకొండయ్య గారూ. తప్పు చేస్తే బాగుండేది, సరిచేసేదాన్ని. మీ వాళ్ళు వదిలే చోటే మారింది."

"మేమేం మార్చలా" అంది మస్తానమ్మ పిన్ని. "ఒట్టు. అదే ఆట, అదే అడుగు."

"మార్చారండీ. మీ కర్ర మునుపటికంటే కిందకి వస్తోంది. మలుపు దగ్గర తల వంచట్లేదు. ఆగి చూస్తున్నారు, ఎవరో చిన్నవాళ్ళని ముందు పోనిచ్చినట్టు."

పిన్ని తన చేతిని తనే చూసుకుంది, ఎవరిదో అన్నట్టు. "నాకు తెలవదు మేడం. నా చెయ్యి నాకు తెలవకుండా ఏం చేస్తందో నేనెట్టా చెప్పేది?" అని ఏడ్చింది. ఆమె ఏడవడంతో మిగతావాళ్ళూ ఏడ్చారు. స్నేహితురాలిని మరిచిపోయామేమోనని ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోలేకపోయారు.

నాకేమీ అర్థం కాలేదు. ఆ తాడు అమ్మది కాకపోతే ఎవరిది? అమ్మే చిన్నదైపోతోందా?

ఆ రోజు తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది. దానికి బయటి వైపు ఒకామె కూర్చుని ఉంది. జరగమని అడగాలో వద్దో తేల్చుకోలేక నేను ఒక్క క్షణం ఆగాను. తర్వాత ఆమె మోకాళ్ళకి తగలకుండా లోపలికి పోయి కూర్చున్నాను. వెనక సీట్లోంచి నాన్న నన్ను చూశాడు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ అన్నాడు.

"ఆగి అడుగేసేది నువ్వేనే."

"ఏంది నాన్నా?"

"అది నువ్వు. ఆ తాడు. గడప దగ్గర ఆగుతావు, బడి గేటు దగ్గర ఆగుతావు, పెరుగు పోసుకోమన్నా ఆగే పోసుకుంటావు. వాళ్ళు నీకు చోటిస్తన్నారు. వాళ్ళకే తెలవకుండా."

పిన్ని రోజూ కూర తెచ్చి నేను తినేదాకా కూర్చుంటుంది. అత్త నా జడ వేస్తుంది. వాళ్ళు ఏడుగురూ నన్ను ఏడాదిగా చూస్తూనే ఉన్నారు. కానీ నేను ఎప్పుడూ ఆ వలయంలోకి అడుగు పెట్టలేదు. రాని మనిషికి చోటు ఎలా ఇస్తారు?

నాన్న చెంబు కింద పెట్టాడు. "అమ్మాయ్, ఒక మాట అడుగుతా. అత్త అడిగితే పట్టుకోమాక. నువ్వు పట్టుకుంటే ఇంక అది ఆగిపోద్ది. నువ్వు కాకపోతే వాళ్ళు మళ్ళీ అమ్మకే చోటిస్తారు. ఎగరేసుద్ది మళ్ళీ."

నేను ఎప్పుడూ నాన్న మాట కాదనలేదు. అప్పుడు అవుననీ అనలేకపోయాను. ఆయన జవాబు కోసం చూడలేదు. బ్యారన్ వైపు వెళ్ళిపోయాడు.

సంవత్సరీకం అయిన ఆదివారం చిత్రశాల నిండిపోయింది. నాన్న వచ్చాడు గానీ లోపలికి రాలేదు. గుమ్మం బయట చెప్పుల దగ్గర కూర్చున్నాడు. ఇంట్లో విస్తరాకు వేసి అమ్మకి అన్నీ పెట్టింది కూడా ఆయనే.

అత్త మెడలో ఈల సర్దుకుంది. "వెంగా. ఇయ్యాల ఏదో ఒకటి చెప్పాల. పట్టుకుంటావా, విప్పి ఇంటికి ఇచ్చెయ్యమంటావా?"

తాడు నా భుజం ఎత్తులో పసుపుకొమ్ముతో ఊరికే వేలాడుతోంది. విప్పేస్తే నాన్నకి ఏమీ మిగలదు. పట్టుకున్నా మిగలదు. ఇలాగే ఉంచితే వాళ్ళు నాకు చోటిస్తూనే ఉంటారు, తాడు నాలాగే ఆగి ఆగి తిరుగుతూ ఉంటుంది, నేను తాళాల దగ్గర కూర్చుని నన్ను నేను చూసుకుంటూ ఉంటాను. నాన్న అమ్మ కోసం ఎదురుచూస్తూ ఉంటాడు. ఏది సరైనదో నాకు తెలియలేదు. ఇప్పటికీ పూర్తిగా తెలియదు.

"తాళాలు ఎవురు వాయిస్తారు?" అన్నాను.

అత్త నవ్వింది. "తాళం లేకపోతే చచ్చిపోతామా? రావే."

నేను తాళాలు చెక్క మీదే పెట్టి వెళ్ళి తాడు పట్టుకున్నాను. ఆట మొదలైంది. మొదటి రెండు అడుగులు తాడు నన్ను లాగింది. అటుపక్క ఎవరో గట్టిగా పట్టుకున్నట్టే ఉంది. నేను ఇంకొంచెం గట్టిగా పట్టుకున్నాను. మూడో అడుగుకి పట్టు వదిలేసింది. ఉత్త తాడు అయిపోయింది, నా చేతిలో బరువుగా. వదిలింది మిషనే అని నాకు తెలుసు. తెలిసినా ఏడుపొచ్చింది.

మలుపు దగ్గర నేను ఆగాను. మస్తానమ్మ పిన్ని అప్పటికే ఆగి ఉంది. అందరూ ఆ ఒక్క క్షణం ఆగారు. ఎన్నాళ్ళనుంచో అక్కడ ఆగటం అలవాటైనట్టు ఆగారు. నేను తిరిగాను. పిన్ని కర్రకి నా కర్ర తగిలింది.

అప్పుడు వినిపించింది.

వలయం బయట, నేను ఎప్పుడూ కూర్చునే చోట, చెక్క కిందనుంచి టక్, టక్ అని చిన్న చప్పుడు. తాళం. కొంచెం ఆలస్యంగా, తప్పు పడుతుందేమోనని భయపడుతున్నట్టు. అక్కడ ఎవరూ లేరు. తాళాలు నేను పెట్టిన చోటే ఉన్నాయి. ఆడుతూ ఆడుతూ ఏడుగురూ ఆ చోటు వైపు చెవి పెట్టారు, ఎప్పుడూ పెట్టినట్టే.

నేను ఇక్కడ ఆడుతున్నాను. అక్కడ వాయించేది ఎవరు? జడ అల్లుకుంటోంది కాబట్టి ఆగడానికి లేదు. మేడం వైపు చూశాను. ఆమె రెండు చేతులూ తల మీద పెట్టుకుని నిలబడింది. ఆపే మీట ఆమె పక్కనే ఉంది, కానీ నొక్కలేదు.

గుమ్మంలో నాన్న లేచి నిలబడ్డాడు. పైన జడ వైపు చూశాడు. ఏడాది తర్వాత మొదటిసారి మనిషి చేత్తో అల్లిన ఆకుపచ్చ పాయ అందులో ఉంది. అల్లిక అక్కడక్కడా వదులుగా ఉంది. తర్వాత చప్పుడు వచ్చే చోటు వైపు చూశాడు.

లోపలికి వచ్చి, ఆ చెక్క మీద మఠం వేసుకుని కూర్చున్నాడు. నేల కింద చప్పుడు ఆగిపోయింది. నాన్న తాళాలు తీసుకుని వాటి తాడు వేళ్ళకి చుట్టుకున్నాడు. ఆయనకి తాళం రాదు. మొదటి దెబ్బ పాటకి ఎక్కడా కలవలేదు.

"ఎవురయ్యా అది, మంటలో కట్టెలేస్తన్నావా?" అని అత్త ఆడుతూనే అరిచింది.

నాన్న నా కాళ్ళ వైపు చూస్తూ, నేను అడుగు వేసినప్పుడల్లా ఒక దెబ్బ వేయడం మొదలుపెట్టాడు. మలుపు వచ్చింది. నేను ఆగాను. నాన్న కూడా ఆగాడు.